రైలు రాకముందు కాశీయాత్ర

కాశీకి వెళ్లినవాడూ కాటికి వెళ్లినవాడూ ఒకటేనని తెలుగువారు ఊరికే అనలేదు. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో తెలుగుదేశం నుంచి గంగ ఒడ్డుకు చేరాలంటే నెలల తరబడి కాలినడకో, కలిగినవారికైతే పల్లకీయో తప్ప మరో దారి లేదు. అడవులు, పొంగే ఏళ్లు, దారిదోపిడీలు, జ్వరాలు దాటుకుని పోవాలి. అందుకే చాలామంది పిల్లల పెళ్లిళ్లయ్యాక, ఇంటి బాధ్యతలు మరొకరికి అప్పగించి బయల్దేరేవారు. క్షేమంగా తిరిగొస్తే గంగపూజ చేసి, సమారాధన పెట్టి నలుగురికీ భోజనాలు వడ్డించేవారు.

ఆ యాత్ర మనిషికి ఏమి నేర్పేదో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్రను చూడాలి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన, యాభై ఏళ్ల ప్రాయంలో, 1830 మే 18న పెద్ద పరివారంతో చెన్నపట్నం విడిచారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరారు. అక్కడి నుంచి గయ, కలకత్తా, పూరీ చూసుకుని, గంజాం నుంచి కోస్తా దారి పట్టి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు.

బయల్దేరింది పుణ్యం కోసమే. అయినా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన విశేషాల్లో దేవుళ్లతో సమానంగా దారీ కనిపిస్తుంది. ఏ మజిలీలో మంచినీళ్లు దొరుకుతాయి, ఏ అంగట్లో సరుకులుంటాయి, ఏ నది ఎలా దాటాలి అన్నవన్నీ తర్వాత వచ్చేవారికి పనికొచ్చేలా రాశారు. శ్రీశైలంలో యాత్రికుల దగ్గర కందనవోలు నవాబు సుంకం వసూలు చేస్తూ గుడి బాగోగులు గాలికొదిలేసిన తీరు ఆయన కంటపడకుండా పోలేదు. హైదరాబాదు వీధుల్లో ఆయుధాలతో తిరిగే జనాన్నీ గమనించారు. ఊరు మారేకొద్దీ మాట, ఆచారం, కొలతలు మారడం చూస్తూ, మధ్యమధ్య కర్మ గురించీ కులాచారాల గురించీ పుటలకొద్దీ తర్కించారు. కోర్టులో ఒకరి మాట మరొకరికి అందించడమే వృత్తిగా బతికిన మనిషి ఇక్కడ తన సొంత మాట పలికారు. ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది అదే.

వీరాస్వామి 1836లో కన్నుమూశారు. శ్రీనివాస పిళ్లె ఆ రాతలను 1838లో అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించి మళ్లీ ప్రచురించారు. ఈలోగా యాత్ర తీరే మారిపోయింది. రాజమండ్రి దగ్గర గోదావరిపై 1900లో రైలు వంతెన తెరుచుకున్నాక, కోస్తా యాత్రికులకు నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. మజిలీల అవసరమూ తీరిపోయింది.