సంలీన ప్లాస్మాలో అభిఘాతాలు: సమతాస్థితి ఎంతవరకు?

ఎల్‌ఈడీలు వచ్చాక తగ్గినా, మధురానగర్ గల్లీల్లో ట్యూబ్‌లైట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వెలిగే గొట్టంలో ఉండేది ప్లాస్మాయే. అందులోని ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత సుమారు 11,000 కెల్విన్‌లు. గాజును మాత్రం చేత్తో ముట్టుకోవచ్చు. ఒకే గొట్టంలో రెండు ఉష్ణోగ్రతలు ఎలా నిలుస్తున్నాయన్న ప్రశ్న కేంద్రక సంలీన రియాక్టర్లకూ మూలప్రశ్నే.

ఎలక్ట్రాన్ ప్రోటాన్ కంటే 1,836 రెట్లు తేలిక. బరువైన కణాన్ని తాకితే ఎలక్ట్రాన్ దిశ మారుతుంది గానీ శక్తి దాదాపు చేజారదు. పైగా పూర్తిగా అయనీకరణం చెందిన ప్లాస్మాలో అభిఘాతమంటే ఒక్క గట్టి దెబ్బ కాదు. దూరం నుంచి పనిచేసే కూలుంబ్ బలం వల్ల పేరుకునే అసంఖ్యాకమైన చిన్న వంపులు. నక్షత్రాల మధ్య గురుత్వాకర్షణ ఇలాగే పేరుకొని వేగాన్ని తగ్గించే తీరును 1943లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టారు. ఆ గణితాన్నే లైమన్ స్పిట్జర్ ప్లాస్మాకు అన్వయించారు.

ఆ సూత్రాలతో ఒక డ్యుటీరియం-ట్రిటియం ప్లాస్మాను లెక్కిద్దాం. ఉష్ణోగ్రత 10 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే దాదాపు 11.6 కోట్ల కెల్విన్‌లు. ఘనపు మీటరుకు 10^20 ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్ దిశ మారడానికి 0.2 మిల్లీసెకను చాలు. అయాన్లు తమలో తాము మాక్స్‌వెల్ వితరణకు (సమతాస్థితిలో కణాల వేగాలు పంచుకునే తీరుకు) రావడానికి 20 మిల్లీసెకన్లు కావాలి. ఎలక్ట్రాన్లు, అయాన్లు ఒకే ఉష్ణోగ్రతకు చేరాలంటే అర సెకను పడుతుంది. ఒక అయాన్ సంలీనం చెందడానికి మాత్రం సగటున 180 సెకన్లు. 20 మిల్లీసెకన్లకు ఒకసారి చొప్పున, సంలీనానికి ముందు అది సుమారు 9,000 సార్లు దారి మరిచిపోతుందన్నమాట. వ్యాసం మొత్తానికీ ఇదే కీలకమైన సంఖ్య.

గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో మొదలైన ఆదిత్య టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే యంత్రంలో) పరిస్థితి వేరు. అక్కడ విద్యుత్ ప్రవాహం ముందుగా వేడెక్కించేది ఎలక్ట్రాన్లనే. ఆ వేడి అయాన్లకు అందే కాలం, శక్తి నిలిచి ఉండే కాలం రెండూ మిల్లీసెకన్ల స్థాయివే. అందుకే అయాన్లు వెనకబడతాయి. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ టోకమాక్‌లో శక్తి కొన్ని సెకన్లు నిలవాలన్నది లక్ష్యం. అది నెరవేరితే రెండు ఉష్ణోగ్రతలూ బాగా దగ్గరవుతాయి.

సంపూర్ణ సమతాస్థితి, అంటే వికిరణం కూడా కణాలతో సమతాస్థితికి రావడం, అక్కడ కూడా జరగదు, జరగకూడదు కూడా. పైన లెక్కించిన 11.6 కోట్ల కెల్విన్‌ల దగ్గర కృష్ణవస్తువైతే (తనపై పడే వికిరణాన్నంతా పీల్చుకునే వస్తువైతే) చదరపు మీటరుకు 10^25 వాట్లు వెలువరిస్తుంది. మన ప్లాస్మా పలుచన కాబట్టి వికిరణం ఆగకుండా బయటికి పోతుంది. హైడ్రోజన్ అయాన్ల వల్ల ఎలక్ట్రాన్ల దారి వంగినప్పుడు వచ్చే బ్రెమ్స్‌ట్రాలంగ్ వికిరణ నష్టం ఘనపు మీటరుకు 17 కిలోవాట్లే. కణాలకు సమతాస్థితి, వికిరణానికి అసమతాస్థితి: రియాక్టర్ ఈ రెంటి మధ్యే బతకగలదు.

మరి సమతాస్థితిని దాటేసి, అయాన్లను పుంజంగా పరుగెత్తించి ఢీకొట్టిస్తే? ఆ 9,000 మలుపులు పుంజాన్ని చెల్లాచెదురు చేస్తాయి. మాక్స్‌వెల్ వితరణకు దూరంగా నడపాలంటే తిరిగి పోయవలసిన శక్తి, చాలా పద్ధతుల్లో, సంలీనం ఇచ్చేదాన్ని మించిపోతుందని 1995లో ఎంఐటీలో టాడ్ రైడర్ చూపారు. కొంచెం అసమతాస్థితి మేలు చేసిన మాట నిజమే. ప్రిన్స్‌టన్‌లోని టీఎఫ్‌టీఆర్ టోకమాక్ 1994లో 10.7 మెగావాట్లు సాధించింది అయాన్లు ఎలక్ట్రాన్ల కన్నా వేడిగా ఉన్నప్పుడే. కానీ దానికి లోపలికి పంపింది దాదాపు 40 మెగావాట్లు.

ఉష్ణోగ్రతే అక్కర్లేని సంలీన యంత్రం అంటూ ఎవరైనా పథకం చూపితే, పాఠకులు ముందుగా అడగవలసింది ఒక్కటే: అయాన్లను సమతాస్థితికి చేరకుండా ఆపడానికి సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతోంది?