ఐటీ షేర్లా.. ఇండియామార్ట్ లాంటివా? రెండూ ‘టెక్’ అనుకుంటే లెక్క తప్పినట్టే!

‘టెక్ షేర్లు’ అనగానే చాలామంది టీసీఎస్, ఇన్ఫోసిస్‌నీ, ఇండియామార్ట్‌నీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ డబ్బు వచ్చే దారి చూస్తే పోలికే లేదు. ఒకటి అమెరికా బ్యాంకుల బడ్జెట్‌పై నడుస్తుంది. ఇంకోటి మన దగ్గర మోటార్లు, పైపులు అమ్మే వ్యాపారి కట్టే చందాపై నడుస్తుంది.

ఐటీ.. మనుషుల లెక్క

ఐటీ సర్వీసెస్ కంపెనీ ప్రధానంగా అమ్మేది ఉద్యోగుల పనినే. 2025 మార్చి నాటికి టీసీఎస్‌లో 6 లక్షల మందికి పైగా పనిచేస్తున్నారు. 2024-25లో ఆదాయం సుమారు రూ.2.55 లక్షల కోట్లు. అందులో దాదాపు సగం ఉత్తర అమెరికాదే. అక్కడి క్లయింట్లు చేయి బిగిస్తే దెబ్బ ఇక్కడ తగులుతుంది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ వీసాలపై లక్ష డాలర్ల ఫీజును ట్రంప్ ప్రకటించారు. సోమవారం మార్కెట్ తెరుచుకోగానే ఐటీ షేర్లు పడ్డాయి. రూపాయి బలహీనపడితే మాత్రం వీళ్లకు కలిసొస్తుంది.

వృద్ధి నెమ్మదించినా డివిడెండ్లు, బైబ్యాక్‌ల రూపంలో డబ్బు చేతికొస్తుంది. ఇన్ఫోసిస్ 2025లో షేరుకు రూ.1,800 చొప్పున రూ.18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటించింది.

ఇండియామార్ట్.. చందాల లెక్క

నోయిడాలోని ఇండియామార్ట్ 1996లో మొదలైంది. అంటే డాట్‌కామ్ పతనాన్ని కూడా తట్టుకుంది. అమెరికాలో అప్పట్లో వెలిగిపోయిన బీ2బీ సైట్ కామర్స్ వన్ 2004లో దివాలా తీసింది. అదే ఏడాది టీసీఎస్ మన మార్కెట్లో లిస్ట్ అయింది!

ఇండియామార్ట్ సరుకు కొనదు, అమ్మదు. కొనాలనుకునే వాళ్ల ఎంక్వైరీని అమ్మేవాళ్లకు చేరుస్తుంది. డబ్బులు కట్టిన వ్యాపారులకు ఎక్కువ ఎంక్వైరీలు వెళ్తాయి. అలా కట్టేవాళ్లు 2 లక్షలకు పైనే ఉన్నారు. 2024-25లో ఆదాయం రూ.1,388 కోట్లు, నికర లాభం రూ.551 కోట్లు. ఆదాయంలో ఇంత లాభమా అని ఆశ్చర్యపోవద్దు. కంపెనీ దాచుకున్న డబ్బుపై వచ్చే రాబడి కూడా అందులో ఉంది.

చందా ముందే కట్టించుకోవడం దీని బలం. మరి బలహీనత? చిన్న ‘సిల్వర్’ ప్యాకేజీ తీసుకున్న వ్యాపారులు చాలామంది మధ్యలోనే మానేస్తున్నారు. ఒక పక్క కొత్తవాళ్లను చేరుస్తుంటే ఇంకోపక్క పాతవాళ్లు జారిపోతున్నారు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే!

షేరు ధరలోనూ ఇదే కనిపిస్తుంది. 2019 ఐపీఓలో ధర రూ.973. 2021 ఫిబ్రవరిలో రూ.9,000 దాటింది. 2023లో 1:1 బోనస్ ఇచ్చారు కాబట్టి ఇప్పటి లెక్కలో అది సుమారు రూ.4,500. 2025లో షేరు ఆ దరిదాపుల్లో కూడా లేదు. ఐపీఓలో కొని ఉంచుకున్నవాళ్లు లాభంలోనే ఉన్నారు. కరోనా టైంలో అందరూ ఆన్‌లైన్ బాట పట్టారని ఎగబడి కొన్నవాళ్లే ఇరుక్కున్నారు.

ఏది చూడాలి?

ఐటీలో కొత్త డీల్స్ విలువ, లాభాల మార్జిన్, ఉద్యోగుల వలసలు చూడాలి. ఇండియామార్ట్‌లో చందాదారులు నికరంగా పెరిగారా, ఒక్కొక్కరి నుంచి వచ్చే ఆదాయం ఎంత, ముందస్తుగా వసూలైన డబ్బు ఎంత అన్నదే అసలు విషయం. పీఈ రేషియో ఒక్కటే పట్టుకుని రెండింటినీ పోలిస్తే ఏమీ తేలదు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు ఇంకోటి కూడా గమనించాలి. జీతం ఐటీ నుంచే, కంపెనీ ఇచ్చిన షేర్లూ ఐటీవే, పైగా పొదుపు కూడా ఐటీ ఫండ్‌లోనే ఉంటే.. అమెరికాలో మాంద్యం వచ్చిన రోజు ఉద్యోగం, పొదుపు రెండూ ఒకేసారి ఊగుతాయి. అలాంటివాళ్లకు దేశీయ చందాలపై నడిచే కంపెనీ కొంత వైవిధ్యం ఇస్తుంది. అయితే టీసీఎస్‌తో పోలిస్తే ఇది చాలా చిన్న కంపెనీ. ఒక్క త్రైమాసికం తేడా కొట్టినా షేరు గట్టిగా పడుతుంది. అందుకే ఇందులో పెట్టే మొత్తం కూడా చిన్నదిగానే ఉండాలి.