కొన్న సరుకు, తిరిగిన పద్దు



కిరాణా కొట్టు గోడమీద "అప్పు రేపు" అని రాసిన అట్టముక్క చూడని వారు మనలో ఉండరు. కోలారులో చూసినా, బరంపురంలో చూసినా, హోసూరులో చూసినా ఆ రెండు మాటలే. కానీ అదే కొట్టులో గల్లా పెట్టె పక్కన ఎర్రట్ట ఖాతా పుస్తకం ఒకటి ఉంటుంది. ముఖం తెలిసిన వాళ్ళకు అందులో పద్దు రాస్తారు. నెల తిరిగాక లెక్క చూసుకునేటప్పుడు, "ఈ శేరు నూనె మేం తీసుకోలేదు" అని ఇంటావిడ అన్నదనుకోండి. షావుకారు కాసేపు వాదిస్తాడు, గుమాస్తాను పిలిచి అడుగుతాడు, చివరికి పద్దు కొట్టేస్తాడు, లేదా ఆవిడే "సరేలే" అంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు. మర్నాడు మళ్ళీ ముఖాలు చూసుకోవాలి.

ఈ పద్దు కొట్టేసే పని వేల మైళ్ళ దూరాన, ఎవరి ముఖం ఎవరికీ తెలియని చోట, బ్యాంకు చేతుల మీదుగా జరిగితే దానికి చార్జ్‌బ్యాక్ అని పేరు. క్రెడిట్ కార్డు మీద కొన్న మనిషి తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు అతని లెక్కలో ఆ పద్దు తిప్పేసి, డబ్బును వ్యాపారి బ్యాంకు నుంచి వెనక్కి లాగుతుంది. ఆ బ్యాంకు వ్యాపారి ఖాతా నుంచి లాగుతుంది. న్యాయంగా పుట్టిన ఈ హక్కు కొన్నిచోట్ల అన్యాయానికి ఎలా పనికొచ్చిందో ఈ ప్రసంగంలో చెప్పదలచాను. ఇది ప్రధానంగా అమెరికా కథ. మన దేశపు ముచ్చట వచ్చినచోట అదీ చెబుతాను.

కథ కొంచెం వెనకనుంచి మొదలుపెట్టాలి. 1756 డిసెంబరు 11న లండనులో ఫిన్నీ అనే ఆయన 21 పౌండ్ల 10 షిల్లింగుల బ్యాంకు నోటు ఒకటి తపాలాలో పంపాడు. ఆ రాత్రే దొంగలు తపాలా బండిని కొట్టారు. మర్నాడు ఆ నోటు మిల్లర్ అనే పూటకూళ్ళ ఇంటి యజమాని చేతికి వచ్చింది. ఆయన దాని పూర్వాపరాలు ఎరగకుండా, సక్రమంగా విలువ ఇచ్చి తీసుకున్నాడు. బ్యాంకుకు తీసుకువెళితే రేస్ అనే గుమాస్తా సొమ్మూ ఇవ్వలేదు, నోటూ తిరిగి ఇవ్వలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1758లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ మిల్లర్ పక్షాన తీర్పు చెప్పాడు. నోటు చేతులు మారే వస్తువు, తెలియక సద్బుద్ధితో విలువ ఇచ్చి తీసుకున్న వాడికి పాత తగాదా అంటదు అని దాని సారాంశం. వ్యాపారం సాగాలంటే అది అవసరమే. మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 9వ సెక్షనులో ఉన్నది ఈ సూత్రమే. ప్రోనోటు వ్యాజ్యాలు చూసిన వకీళ్ళందరికీ అది కంఠస్థం.

రెండు వందల ఏళ్ళ తర్వాత అమెరికాలో ఈ సూత్రమే మామూలు సంసారుల మెడకు చుట్టుకుంది. ఇంటింటికీ తిరిగే అమ్మకందారు ఒక ఫ్రిజ్‌నో, కుట్టు మిషన్‌నో వాయిదాల మీద అంటగట్టి నోటు రాయించుకునేవాడు. ఆ నోటును ఫైనాన్స్ కంపెనీకి అమ్మేసి వెళ్ళిపోయేవాడు. సరుకు వారంలో చెడిపోయినా ఫైనాన్స్ కంపెనీ వాయిదా అడగడం మానదు. "సరుకు సంగతి మాకు తెలియదు, మేం నోటు కొన్నాం, అంతే" అనేది. చట్టం దాని వైపే ఉండేది. క్రెడిట్ కార్డులు వచ్చాక కార్డు బ్యాంకులూ ఇదే మాట అనసాగాయి.

కార్డుల సంగతి ఇక్కడ చెప్పాలి. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్ మొదలైంది, ముఖ్యంగా హోటలు భోజనాల కోసం. అసలైన గందరగోళం 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో జరిగింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా వారు ఎవరూ అడగకుండానే 60,000 కార్డులు తపాలాలో ఇంటింటికీ పంపించారు. కార్డు అంటే ఏమిటో తెలియని వాళ్ళకు కూడా కార్డు వచ్చింది. ఆ పథకం రాష్ట్రమంతటా పాకింది. బాకీలు వసూలు కానివి నూటికి నాలుగు ఉంటాయని బ్యాంకువారు వేసిన అంచనా, తేలింది నూటికి ఇరవై రెండు! దొంగిలించిన కార్డులతో కొన్నవారూ ఉన్నారు, కొని ఎగవేసిన వారూ ఉన్నారు. ఆ పథకం రూపొందించిన జోసెఫ్ విలియమ్స్ అనే అధికారి ఉద్యోగం వదిలి వెళ్ళవలసి వచ్చింది. కానీ కార్డు నిలిచింది. ఆ బ్యాంకు కార్డే 1976లో వీసా అని పేరు మార్చుకుంది.

అడగని కార్డులు పంపడాన్ని అమెరికా పార్లమెంటు 1970లో నిషేధించింది. కార్డు పోతే దాని యజమాని భరించవలసిన నష్టం 50 డాలర్లు మించరాదన్నది. ఆ తర్వాత 1974 అక్టోబరు 28న ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం వచ్చింది, ఏడాది తర్వాత అమలైంది. బిల్లులో తప్పుంటే అది వచ్చిన 60 రోజుల్లో బ్యాంకుకు రాయాలి, బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వాలి, రెండు బిల్లుల కాలం లోపల, ఏమైనా 90 రోజులు దాటకుండా తేల్చాలి. అంతవరకు ఆ పద్దు చెల్లించమని ఒత్తిడి చేయరాదు. సరుకు రాకపోయినా, చెప్పిన సరుకు కాకపోయినా అది బిల్లులో తప్పు కిందే లెక్క. సరుకు నాణ్యత మీద తగాదాకు వేరే ఏర్పాటు చేశారు. వ్యాపారితో తాను పెట్టుకోగల తగాదా ఏదైనా కొన్నవాడు బ్యాంకుతో కూడా పెట్టుకోవచ్చునన్నారు. మాన్స్‌ఫీల్డ్ కట్టిన గోడకు అక్కడ గండి పడింది. బ్రిటనులో కూడా సరిగ్గా 1974లోనే ఇటువంటి చట్టం వచ్చింది.

నా మట్టుకు నాకు ఇది ఆ కాలంలో వచ్చిన మంచి చట్టాల్లో ఒకటి. ఎందుకంటే అది గుడ్డిగా ఇచ్చిన వరం కాదు. నాణ్యత తగాదాకు మూడు షరతులు పెట్టారు. ముందు వ్యాపారి దగ్గరికే వెళ్ళి నిజాయితీగా తేల్చుకోవడానికి ప్రయత్నించాలి. కొన్నది 50 డాలర్లకు మించి ఉండాలి. కొన్న చోటు అదే రాష్ట్రంలో గాని, ఇంటికి 100 మైళ్ళ లోపల గాని ఉండాలి. అంటే ఆ శాసనకర్తల మనసులో ఉన్నది పక్క వీధి దుకాణం, కాకపోతే పక్క ఊరి దుకాణం. ఆ 100 మైళ్ళ మాట గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన పాత హుండీ వ్యాపారంలో ఈ తగాదాకు వేరే పరిష్కారాలు ఉండేవి. షాజోగ్ హుండీ అని ఉండేది. దాన్ని బజారులో పరువున్న షావుకారు ద్వారానే చెల్లింపుకు తేవాలి. తర్వాత హుండీ దొంగదో, దొంగ సంతకందో అని తేలితే ఆ షావుకారే సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి. జోఖ్మీ హుండీ అని ఇంకొకటి. ఓడ మీద వేసిన సరుకు క్షేమంగా రేవు చేరితేనే దాని సొమ్ము చెల్లుతుంది, లేకపోతే లేదు. సరుకు చేరకపోతే పద్దు నిలవదన్న ఊహ అమెరికాలో పుట్టినది కాదన్నమాట. 1881 చట్టం కూడా దేశభాషల్లో రాసిన హుండీల స్థానిక ఆచారాన్ని తాను ముట్టుకోనని మొదటి సెక్షనులోనే చెప్పింది.

తిరిగి కార్డు దగ్గరికి వద్దాం. దుకాణంలో కార్డును యంత్రం మీద పెట్టి గీకి, కార్బను చీటీ మీద సంతకం తీసుకుని, పెద్ద మొత్తమైతే బ్యాంకును అడిగి అనుమతి పుచ్చుకున్న వ్యాపారికి భయం తక్కువ. తర్వాత అది దొంగ కార్డని తేలినా చాలావరకు నష్టం కార్డు ఇచ్చిన బ్యాంకుదే. తపాలాలోనో, టెలిఫోనులోనో ఆర్డరు తీసుకున్న వాడి సంగతి వేరు. సంతకం లేదు, కార్డు కళ్ళబడలేదు. కొన్నవాడు "నేను కాదు" అంటే నష్టం వ్యాపారిదే. ఈ నియమం పెట్టిన నాడు అటువంటి వ్యాపారులు కొద్దిమందే.

1994 ఆగస్టు 11న నెట్‌మార్కెట్ అనే చిన్న సంస్థ ఇంటర్నెట్ మీద, కార్డు నంబరును సంకేత లిపిలో దాచి, ఒక పాటల సీడీ అమ్మింది. 1995 జులైలో అమెజాన్ పుస్తకాల దుకాణం తెరిచింది. అటు తర్వాత వరదే. బ్యాంకులు, కార్డు సంస్థలు ఈ కొత్త వ్యాపారాన్ని ఏ పద్దులో వేశాయి? తపాలా ఆర్డర్ల పద్దులోనే. కార్డు ఎదుట లేదు కాబట్టి నష్టం వ్యాపారిది. పక్క ఊరి దుకాణాన్ని మనసులో పెట్టుకుని రాసిన హక్కు, 100 మైళ్ళ హద్దు లేకుండా లోకమంతటికీ వర్తించసాగింది. ఎలాగంటే, చట్టం కంటే కార్డు సంస్థల సొంత నియమాలు ఉదారమైనవి. అవి చాలా తగాదాలకు 120 రోజుల గడువిచ్చాయి, దూరం మాట ఎత్తలేదు. కొన్నవాడిపై ఆ 50 డాలర్ల భారం కూడా లేదని వీసా 2000లో ప్రకటించింది. ముందు వ్యాపారిని అడిగి చూడాలన్న మర్యాద నియమాల్లో ఉన్నా, "ఇది నేను కొన్నది కాదు" అనేస్తే ఆ మర్యాదతో పని లేదు. ఒక ఫోను చాలు. తర్వాత్తర్వాత తెరమీద ఒక మీట చాలు.

మొదటి దెబ్బ నిజమైన దొంగలది. దొంగిలించిన కార్డు నంబర్లతో సరుకు తెప్పించుకునేవాళ్ళు. పేపాల్ వంటి సంస్థ 2000 ప్రాంతంలో ఈ దొంగతనాల వల్ల మునిగిపోయే దాకా వచ్చి, మోసాల జాడ పట్టే యంత్రాంగం తయారుచేసుకుని బయటపడింది. రెండో దెబ్బ తన సొంత కార్డుతో, తన సొంత చేతితో కొన్న మనిషిది. దీనికి వాళ్ళు "ఫ్రెండ్లీ ఫ్రాడ్" అని పేరు పెట్టుకున్నారు, స్నేహపూర్వకమైన మోసం అట! పేరు పెట్టినవారెవరో గాని, అందులో స్నేహం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

న్యాయంగా చెప్పాలంటే అందరూ మోసగాళ్ళు కారు. బిల్లులో దుకాణం పేరు బదులు మరో కంపెనీ పేరు పడితే గుర్తుపట్టలేని వారున్నారు. పిల్లవాడు ఆటలో ఏదో కొంటే తెలియని తండ్రి ఉన్నాడు. నెలనెలా కోసుకునే చందా ఎప్పుడో ఒప్పుకుని మరిచినవారున్నారు. రద్దు చేద్దామంటే దారి దొరకకుండా చేసిన వ్యాపారులూ ఉన్నారు, వాళ్ళ మీద చార్జ్‌బ్యాక్ పడితే నేను జాలిపడను. కానీ బూట్లు తొడుక్కుని తిరుగుతూ "పార్సెలు రాలేదు" అన్నవాడు, సాఫ్ట్‌వేరు దింపుకుని వాడుకుంటూ "నేను కొనలేదు" అన్నవాడు వేరు.

అప్పుడు వ్యాపారి ఏమి పోగొట్టుకుంటాడు? సరుకు పోతుంది. సొమ్ము పోతుంది. పంపిన కూలి పోతుంది. ఇవి చాలవన్నట్లు, గెలిచినా ఓడినా ప్రతి చార్జ్‌బ్యాక్‌కూ అతని బ్యాంకు రుసుము వసూలు చేస్తుంది. కాదని వాదించాలంటే రశీదు, కొరియర్ సంతకం, ఉత్తరాలు, చిరునామా సరిపోయిన ఆధారం అన్నీ గడువులోగా పంపాలి. పదిహేను డాలర్ల సరుకు కోసం పూట పని మానుకుని ఎవరు రాస్తారు? చాలామంది వదిలేసుకుంటారు. వదిలేసుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది. ఎన్నో ఏళ్ళపాటు వాడుకలో ఉన్న కొలత ప్రకారం, నెలకు వందకు పైగా చార్జ్‌బ్యాక్‌లు వచ్చి, అవి లావాదేవీల్లో నూటికి ఒకటి మించితే ఆ వ్యాపారిని నిఘాలో పెట్టేవారు. నిఘాలో ఉండగా జరిమానాలు పడేవి. తగ్గకపోతే బ్యాంకు కార్డు ఖాతా మూసేస్తుంది. మూసేసిన వాళ్ళ పేర్లు మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ అనే జాబితాకెక్కుతాయి, ఐదేళ్ళు అక్కడే ఉంటాయి. ఇతర బ్యాంకులు ఆ జాబితా చూసే ఖాతా ఇస్తాయి. నెట్టులో అమ్ముకునేవాడికి కార్డు చెల్లకపోతే కొట్టు మూసుకున్నట్లే. పెద్ద కంపెనీకి ఈ నష్టం ఖర్చుల పద్దులో ఒక వరుస, ధరలో కలిపేసుకుంటుంది. ఇంట్లో కూర్చుని చేతిపని అమ్ముకునే మనిషికి ఆ దారి లేదు.

మన దేశం సంగతి కొంచెం వేరుగా నడిచింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981 నాటికే క్రెడిట్ కార్డు ఇచ్చి ఆ రంగంలో ముందు నడిచిన బ్యాంకుల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నెట్టు కొనుగోళ్ళు పెరిగేసరికి రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి, కార్డు నంబరు ఒక్కటే చాలదు, కార్డు మీద లేని రహస్య సంకేతం కూడా ఇవ్వాలని కట్టడి చేసింది. మన ఫోనుకు వచ్చే ఓటీపీ ఆ కట్టడి ఫలమే. అమెరికా వ్యాపారులు ఇటువంటి పద్ధతిని 2001 నుంచీ అందుబాటులో ఉన్నా వద్దనుకున్నారు, అదనపు గడి నింపమంటే కొనేవాడు వెళ్ళిపోతాడని. మనవాళ్ళు మొదట్లో విసుక్కున్నా అలవాటు పడ్డారు. ఓటీపీ కొట్టాక "నేను కాదు" అనడం కష్టం. "సరుకు రాలేదు" అనడానికి మాత్రం అది అడ్డు కాదు. పైగా మనకు, సరుకు ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతి ఒకటి ఉంది. తీరా పార్సెలు గుమ్మానికొచ్చాక వద్దనేవాళ్ళ వల్ల రానూపోనూ కూలి మన చిన్న వ్యాపారి నెత్తిన పడుతోంది. రోగం పేరు మారింది, మోసేవాడు మారలేదు.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2023 ఏప్రిల్‌లో వీసా ఒక కొత్త నియమం పెట్టింది. "నేను కొనలేదు" అని ఎవరైనా అంటే, అదే కార్డుతో అదే దుకాణంలో అంతకు ముందు 120 నుంచి 365 రోజుల మధ్య, మోసమని ఫిర్యాదు రాని రెండు కొనుగోళ్ళను వ్యాపారి చూపించవచ్చు. అప్పటి కంప్యూటరు గుర్తో, నెట్టు చిరునామాయో, దానితోపాటు ఇంటి చిరునామా వంటి మరొక గుర్తో ఇప్పటి దానితో సరిపోతే నష్టం వ్యాపారి నుంచి తొలగి కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి పోతుంది. ఎర్రట్ట ఖాతా పుస్తకంలో పాత పేజీలు తిప్పి, "అమ్మా, పోయిన సంక్రాంతికీ, ఉగాదికీ మీరే తీసుకున్నారు కదా" అని షావుకారు చూపించేది ఇదే. అయితే ఆ దుకాణంలో మొట్టమొదటిసారి కొన్నవాడి విషయంలో ఈ నియమం పనిచేయదు. కొత్తగా కొట్టు తెరిచిన వాడికి వచ్చేవాళ్ళంతా మొదటిసారి వచ్చేవాళ్ళే.