గల్లీ ట్రాప్ మరమ్మతు

వంటింటి తూము, స్నానాల గది, పెరట్లో గిన్నెలు తోమే గచ్చు నుంచి వచ్చే వాడుక నీటిని మురుగు గొట్టానికి చేర్చేలా ఇంటి బయట నేలలో అమర్చే వంపు పాత్ర గల్లీ ట్రాప్. నీటిని పంపడం దీని పనిలో సగమే. వంపులో ఎప్పుడూ నిలిచి ఉండాల్సిన కనీసం 50 మిల్లీమీటర్ల నీరే మురుగు వాయువుకూ బొద్దింకలకూ అడ్డుకట్ట. 1775లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు పొందిన మరుగుదొడ్డి వంపుదీ ఇదే సూత్రం. కాబట్టి మరమ్మతు కుదిరిందా లేదా అన్నది నీళ్లు ఎంత వేగంగా పోతున్నాయో చూసి కాదు, ఎంత నిలుస్తున్నాయో చూసి తేల్చాలి.

చాలాచోట్ల వాసన రాగానే చుట్టూ సిమెంటు మెత్తేస్తారు. పగులు అడుగున ఉంటే అది వృథా. జాలీ తీసి, ఇసుక, మెతుకులు, జిడ్డు కలిసి గడ్డకట్టిన నల్లటి ముద్దను తోడెయ్యాలి. ట్రాప్ నిండా నీళ్లు పోసి, పుల్ల ముంచి తడి ఎంతవరకు అంటిందో గుర్తుపెట్టుకోవాలి. రాత్రంతా వాడకుండా ఉంచి, తెల్లారాక మళ్లీ ముంచితే తడి గీత బాగా దిగిందా, పాత్రే పగిలినట్టు. తవ్వి మార్చక తప్పదు. కొత్తది కాంక్రీటు పరుపు మీద మట్టంగా కూర్చోవాలి, ఒరిగితే నిలిచే నీరు తగ్గిపోతుంది. అంచు నేలకన్నా కాస్త ఎత్తుగా ఉంటే వాననీరు లోపలికి రాదు.

ట్రాప్ తీసేస్తే అడ్డే ఉండదు కదా అంటారు కొందరు. అప్పుడు ఆ ముద్ద చెయ్యి అందని గొట్టంలో పేరుకుంటుంది. నిలవ నీటిలో క్యూలెక్స్ దోమలు పెరుగుతాయన్న అభ్యంతరం మాత్రం నిజమే. దానికి మందు బిగువైన మూత.