ఇసావో తకహత: బొమ్మ గీయని దర్శకుని యానిమేషన్ ప్రస్థానం

ఉపోద్ఘాతం

యానిమేషన్ దర్శకుడు స్వయంగా చిత్రకారుడై ఉండాలన్న భావన ఆ రంగంలో బలమైనది. జపాన్ దర్శకుడు ఇసావో తకహత (1935–2018) దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు. ఆయన టోక్యో విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యం అభ్యసించారు. ఫ్రెంచి దర్శకుడు పాల్ గ్రిమో చిత్రం చూసి యానిమేషన్ వైపు ఆకర్షితులై, 1959లో టోయీ దోగా సంస్థలో చేరారు. బొమ్మ గీయని దర్శకుని కర్తృత్వం ఎక్కడ వ్యక్తమవుతుందో ఆయన కృషి ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సమష్టి శ్రమ నుంచి నిత్యజీవితానికి

టోయీలో తకహత, హయావో మియజాకి ఇద్దరూ కార్మికసంఘంలో చురుకుగా పనిచేశారు. యానిమేషన్ పర్యవేక్షకుడు యసువో ఒత్సుకా పట్టుబట్టడంతో తకహతకు తొలి పూర్తినిడివి చిత్రం ‘సూర్యుని రాకుమారుడు: హొరుస్ మహాసాహసం’ (1968) లభించింది. సిబ్బంది అందరి ఆలోచనలనూ స్వీకరించి రూపొందించిన ఈ చిత్రంలో హిల్డా పాత్ర మానసిక సంఘర్షణ ఆనాటి బాలల చిత్రాలకు కొత్త. నిర్మాణం గడువు మీరింది, వసూళ్లు నిరాశపరిచాయి. టోయీలో ఆయనకు మరో పూర్తినిడివి చిత్రం దక్కలేదు. 1971లో ఆయన ఆ సంస్థను వీడారు.

తరువాత దూరదర్శన్ ధారావాహికలే ఆయన ప్రయోగశాలలయ్యాయి. 52 భాగాల ‘హైడీ’ (1974) కోసం బృందం స్విట్జర్లాండుకు వెళ్లి ఇళ్లను, కొండలను, పనిముట్లను పరిశీలించింది. ప్రతి దృశ్యానికీ మియజాకి స్థలవిన్యాసం గీయగా, పాత్రలకు యోయిచి కోతబె రూపమిచ్చారు. రొట్టె కాల్చడం, గడ్డి మీద నిద్రించడం వంటి సామాన్యక్రియలను కథలో ప్రధానఘట్టాలుగా నిలపడం తకహత నిర్ణయం. గీత ఇతరులది, చూపు ఆయనది.

‘మిణుగురుల సమాధి’: అపార్థానికి గురైన చిత్రం

1985లో స్టూడియో ఘిబ్లీ ఏర్పడింది. అకియుకి నొసాకా 1967 నాటి కథ ఆధారంగా తకహత 1988లో ‘మిణుగురుల సమాధి’ తీశారు. 1945 జూన్ 29న ఒకయామాపై జరిగిన వైమానిక దాడిలో, తొమ్మిదేళ్ల వయసులో తోబుట్టువుతో కలిసి ప్రాణాలు దక్కించుకున్న అనుభవం ఆయనది. అయినా దీన్ని యుద్ధవ్యతిరేక చిత్రమనడాన్ని ఆయన అంగీకరించలేదు. బాధను చూపినంత మాత్రాన యుద్ధం ఆగదనీ, అటువంటి బాధ మళ్లీ కలగకూడదనే పేరుతోనే పాలకులు కొత్త యుద్ధాలకు దిగుతారనీ ఆయన వాదన. యుద్ధాన్ని త్యజించే జపాన్ రాజ్యాంగపు 9వ అధికరణ పరిరక్షణకు మద్దతిచ్చిన వ్యక్తి ఈ మాట అనడం గమనార్హం.

చిత్రనిర్మాణం కూడా ఈ వాదనను బలపరుస్తుంది. మరణించిన సెయితా ఆత్మ తన గతాన్నే పక్కన నిలిచి చూస్తుంది. ప్రేక్షకుడు కన్నీటిలో లీనమై ఊరుకోకుండా, సమాజం నుంచి విడిపోయి చెల్లెలితో ఒంటరిగా బతకబోయిన బాలుని నిర్ణయాన్ని కూడా తూచవలసి వస్తుంది. చివర ఆ ఆత్మలు ఆధునిక నగర దీపాలను చూస్తుండగా, ప్రశ్న వర్తమానానికి చేరుతుంది. కేవలం కరుణరసాత్మక చిత్రంగా చూసే పఠనం ఈ అంశాన్ని విస్మరిస్తుంది.

గీతకు తిరిగిన దారి

సొంత గీతాశైలి లేనందువల్ల తకహత ఏ ఒక్క శైలికీ కట్టుబడలేదు. ‘ఒమోహిదె పొరొపొరొ’ (1991)లో పెద్దల సన్నివేశాలకు ముందుగా సంభాషణలు ముద్రించి, ముఖకండరాల కదలికను వాటికి అనుగుణంగా గీయించారు. ‘మా పొరుగింటి యమదాలు’ (1999)లో నీటిరంగుల ఛాయను, ఖాళీ స్థలాన్ని ఆశ్రయించారు. అదే ఏడాది 12వ శతాబ్దపు జపాన్ చిత్రపటాల చుట్టలలో యానిమేషన్ లక్షణాలను వివరిస్తూ గ్రంథం వెలువరించారు. ఈ అధ్యయనపు ఛాయ చివరి చిత్రం ‘కగుయా రాకుమారి కథ’ (2013)లో కనిపిస్తుంది. ఒసాము తనబె బృందం పెన్సిలు గీతలు అసంపూర్ణంగానే మిగిలి, ప్రేక్షకుని ఊహకు చోటిస్తాయి. ఈ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయింది.

ముగింపు

తకహత కర్తృత్వం చేతిగీతలో కాక మూడు అంశాలలో నిలుస్తుంది: వస్తువును ఎంచుకునే సాహిత్యదృష్టి, ఇతరుల నైపుణ్యాన్ని సమన్వయించే పద్ధతి, ప్రేక్షకునికి ఆలోచించే దూరం కల్పించే కథనం. యానిమేషన్ చరిత్రను చిత్రకారుల చరిత్రగా మాత్రమే రాస్తే ఈ మూడూ లెక్కకు రావు.