ఇద్దరు గురువులు

జీవితమంతా బడిపంతులుగా గడిపిన నాకు ఆటగాళ్లకన్నా వారిని తీర్చిదిద్దిన వారిపైనే మక్కువ. సింగపూరుకు చెందిన చూ సెంగ్ క్వీ అట్టివారు. తొలుత ఫుట్‌బాల్ క్రీడాకారులు, పిదప శిక్షకులు. శిష్యులకు ‘అంకుల్ చూ’.

1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆయన శిక్షణ పొందిన మలయా జట్టు కాంస్యం గెలిచింది. స్వర్ణం మాత్రం మన హైదరాబాదు ఉపాధ్యాయులు సయ్యద్ అబ్దుల్ రహీం గారి భారతజట్టుకు దక్కింది. క్యాన్సరు పీడితులైన రహీం గారు మరుసటి ఏడే కన్నుమూశారు.

చూ గారు 1977లో సింగపూరును మలేషియా కప్పు విజేతగా నిలిపారు. ఫైనల్లో పెనాంగుపై 3-2. పిదప కాలి గాయం ముదిరి, కాలే తీసివేయవలసి వచ్చింది. 1983లో గతించారు.

కాలి ఆట నేర్పినవానికి కాలే దక్కలేదు. నేర్పిన విద్య మాత్రం శిష్యుల కాళ్లలో మిగిలింది. పంతులుకు అంతకు మించిన ఆస్తి ఏముంది?