తుపాను నష్టం పొలంతో ఆగదు: పత్తి, మిర్చి మైదానాల నుండి మోటారు సైకిలు విపణి వరకు

(ప్రత్యేక వ్యాసం)

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం మిచౌంగ్ తీవ్ర తుపాను బాపట్ల సమీపంలో తీరాన్ని దాటింది. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులు, వాటి వెంట కురిసిన భారీ వర్షాలు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో వరి, పత్తి, మిర్చి, పొగాకు పంటలను దెబ్బతీశాయి. అంతకు ముందు 3, 4 తేదీలలో ఇదే తుపాను చెన్నై నగరాన్ని ముంచెత్తింది. అంబత్తూరు పారిశ్రామికవాడ జలమయమైంది. నగర పరిసరాలలోని అనేక కర్మాగారాలలో పని నిలిచిపోయింది. మోటారు వాహనాలు, వాటి విడిభాగాలు తయారయ్యే ప్రాంతమూ, వాటిని కొనుగోలు చేసే రైతు పొలమూ ఒకే వారంలో నీటి పాలయ్యాయి.

తుపాను నష్టం అనగానే పంట విస్తీర్ణం, కూలిన ఇళ్ళు, తెగిన రోడ్లు లెక్కకు వస్తాయి. ముడిసరుకు నుండి కర్మాగారానికి, అక్కడి నుండి దుకాణానికి, తిరిగి కొనుగోలుదారుని ఇంటికి సాగే సరఫరా గొలుసులో తెగిన కొక్కేలు మాత్రం ఆ లెక్కలలో కానరావు. ఆ గొలుసును ఈ ప్రాంత అనుభవం ఆధారంగా వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీరము, కాలము

బాపట్ల, నిజాంపట్నం తీరానికి తుపానులు కొత్త కావు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన పెనుతుపాను నిజాంపట్నం సమీపంలోనే తీరం దాటింది. 2006 అక్టోబరు చివర ఓగ్ని తుపాను, 2010 మే 20న లైలా తుపాను బాపట్ల ప్రాంతాన్ని తాకాయి.

ఈ తేదీలను పంటల కాలంతో పోల్చి చూడవలసి ఉన్నది. నల్లరేగడి భూములలో ఖరీఫ్‌లో విత్తిన పత్తి అక్టోబరు, నవంబరు నాటికి పగిలి తీతకు వస్తుంది. అదే సమయంలో మిర్చి పూత, పిందె దశలో ఉంటుంది. మిర్చి కోతలు జనవరి నుండి ఊపందుకుంటాయి. కాయలను కళ్ళాలలో ఆరబోసి, టిక్కీలకెత్తి గుంటూరు మార్కెట్ యార్డుకు తరలిస్తారు. అనగా సంవత్సరాంతపు తుపాను రెండు పంటలనూ వాటి అత్యంత సున్నితమైన దశలో దెబ్బతీస్తుంది. అకాల వర్షమైతే కళ్ళంలోని కాయను తడిపి, రంగు పోగొట్టి, తాలుగా మారుస్తుంది.

పంట నుండి మిల్లుకు

తడిసిన పత్తి బరువు పెరుగుతుంది గాని విలువ పెరగదు. భారత పత్తి సంస్థ మద్దతు ధర కొనుగోలులో 8 నుండి 12 శాతం వరకు తేమను అనుమతిస్తుంది. 12 శాతం దాటిన పత్తిని కొనుగోలు కేంద్రం స్వీకరించదు. తత్ఫలితంగా రైతు దానిని మరల ఆరబెట్టుకోవటమో, దొరికిన ధరకు వ్యాపారికి అమ్ముకోవటమో జరుగుతుంది. రంగు మారిన దూది జిన్నింగు మిల్లులో తక్కువ రకంగా లెక్కకు వస్తుంది. స్పిన్నింగు మిల్లు నాణ్యమైన దూది కొరకు ఇతర ప్రాంతాలవైపు చూడవలసి వస్తుంది. గొలుసు చివరనున్న చీరాల ప్రాంత చేనేత కార్మికునికి కష్టం రెండు విధాలు. ఒకవైపు నూలు సరఫరా తగ్గుతుంది. మరొకవైపు గుంట మగ్గంలోకి నీరు చేరి, ఆరేంత వరకు నేత సాగదు.

మిర్చి విషయంలో మరొక అంశం గమనార్హం. పంట దెబ్బతిన్నదన్న వార్తతో యార్డులో ధర పెరగవచ్చు. ఆ పెరుగుదల వలన శీతల గిడ్డంగిలో నిల్వ ఉన్నవారికే ప్రయోజనం. పొలం మునిగిన రైతుకు అమ్ముకొనుటకు సరుకే ఉండదు. కనుక యార్డు ధరను బట్టి రైతు ఆదాయాన్ని అంచనా వేయటం సరికాదు.

కర్మాగారాలు, రహదారులు

మన మార్కెట్‌కు వచ్చే మోటారు సైకిళ్ళలో కొన్ని చెన్నై సమీపంలోని ఒరగడం, వల్లం ప్రాంతాల నుండి, కొన్ని హోసూరు నుండి, మరికొన్ని ఉత్తరాది కర్మాగారాల నుండి వస్తాయి. తిరుపతి జిల్లాలో శ్రీసిటీ సమీపాన మాదనపాలెం వద్ద హీరో మోటోకార్ప్ కర్మాగారం ఉన్నది. ఈ కర్మాగారాలు విడిభాగాలను పెద్దగా నిల్వ చేయవు. ఏ రోజు భాగం ఆ రోజుకు అందే పద్ధతి వాటిది. ఒక చిన్న సరఫరాదారు షెడ్డులోకి నీరు చేరినా పెద్ద కర్మాగారం ఆగే అవకాశం ఉన్నది. 2015 డిసెంబరు చెన్నై వరదలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సహా పలు వాహన సంస్థలు ఉత్పత్తిని కొద్ది రోజులు నిలిపివేశాయి. 2011లో జపాను భూకంపం రెనెసాస్ సంస్థకు చెందిన నాకా చిప్ కర్మాగారాన్ని దెబ్బతీయగా, ప్రపంచవ్యాప్తంగా వాహన సంస్థలు చిప్‌ల కొరతను ఎదుర్కొన్నాయి.

వాహనం తయారైనా దారి తెరచి ఉండాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు సమీపంలోని పడుగుపాడు వద్ద రైలు మార్గం కొట్టుకుపోయింది. అదే సమయంలో చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి సైతం తెగి రాకపోకలు స్తంభించాయి. 2024 సెప్టెంబరు 1న ఉత్తరాది మార్గానికీ ఇదే పరిస్థితి ఎదురైంది. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోగా, నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాదు రహదారిపైకి వరద నీరు చేరింది.

విపణిపై ప్రభావం

పల్లెలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పురుగుమందు తెచ్చుకొనుటకు, కూలీలను పొలానికి చేర్చుటకు, పాలు కేంద్రానికి పోయుటకు అదే ఆధారం. దాని కొనుగోలు పంట డబ్బుతో ముడిపడి ఉన్నది. పత్తి డబ్బు సంక్రాంతి నాటికి, మిర్చి డబ్బు వేసవి పెళ్ళిళ్ళ నాటికి చేతికి అందుతుంది. పంట పోయిన సంవత్సరం కొత్త బండి ఆలోచన వాయిదా పడుతుంది. ఇదివరకే వాయిదాల పద్ధతిపై కొన్నవారికి నెలసరి కిస్తీ భారమవుతుంది. కౌలు రైతుకు, కోతల కూలికి ఈ భారం మరింత అధికం.

షోరూములో అమ్మకాలు తగ్గితే దానికి కొనేవారు లేకపోవటం కారణమా, బండ్లు రాకపోవటం కారణమా అన్నది విడదీసి చూడాలి. షోరూములో నిల్వలు పేరుకుంటే గిరాకీ తగ్గినట్లు, ముందస్తు బుకింగులు పెరిగి నిల్వలు లేకుంటే సరఫరా తెగినట్లు భావించవచ్చు.

మునిగిన వాహనాలు, బీమా

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ నగరాన్ని ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదై, గుంటూరు, బాపట్ల జిల్లాల లంక గ్రామాలు నీట మునిగాయి. విజయవాడలో పెద్ద సంఖ్యలో ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి రూ. 3,000, ఆటోకు రూ. 10,000 చొప్పున ప్రభుత్వం సహాయం ప్రకటించింది.

నీట మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయరాదు. ఇంజనులోకి చేరిన నీరు లోపలి భాగాలను పాడుచేస్తుంది. 2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత బండ్లలో ఎలక్ట్రానిక్ భాగాలు పెరిగి, మరమ్మతు ఖర్చూ పెరిగింది. 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనానికి 5 సంవత్సరాల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినప్పటికీ, వరద నష్టం దాని పరిధిలోకి రాదు. సొంత వాహన నష్టానికి వర్తించే బీమా ఉంటేనే పరిహారం లభిస్తుంది. దానిని గడువు తీరినప్పుడు పొడిగించుకోవటం అవసరం.

సహాయ నిబంధనలు

విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి పంట నష్టం జరిగిన పక్షంలో పెట్టుబడి రాయితీ లభిస్తుంది. 2015 వరకు ఈ పరిమితి 50 శాతంగా ఉండేది. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణం సాగునీటి వసతి గల భూమికి హెక్టారుకు రూ. 17,000, వర్షాధార భూమికి రూ. 8,500. ఇది 2 హెక్టార్లకు పరిమితం. చేనేత కార్మికుల పనిముట్లకు, ముడిసరుకుకు కూడా నిబంధనలలో సహాయం ఉన్నది. ఆగిపోయిన మిల్లు కూలికి, చెల్లించలేని బండి కిస్తీకి మాత్రం పంట నష్టం పట్టికలో గడి లేదు.

పరిశీలించవలసిన అంశాలు

తుపాను అనంతరం క్షేత్ర పర్యటన జరిపే అధికారులు, పాత్రికేయులు పంట విస్తీర్ణంతో పాటు మరికొన్ని వివరాలు సేకరించటం ప్రయోజనకరం. కొనుగోలు కేంద్రంలో తేమ కారణంగా తిరస్కరించిన పత్తి ఎంత? జిన్నింగు మిల్లు ఎన్ని రోజులు ఆగింది, కూలీలు ఎన్ని పనిదినాలు కోల్పోయారు? యార్డుకు వచ్చిన టిక్కీలలో తాలు వాటా ఎంత? పొలం సాగుచేసినది యజమానియా, కౌలుదారా? వాహన విక్రేతల వద్ద నిల్వలు, బకాయి కిస్తీల పరిస్థితి ఏమిటి?

ఈ వివరాలు మొదటి వారంలో లభించవు. కొన్ని సంక్రాంతి తరువాత, కొన్ని వేసవిలో గాని బయటపడవు. నీరు తీసిన రోజుతో నష్టం అంచనా ముగిసినట్లు భావించక, రెండవసారి, మూడవసారి అదే గ్రామానికి వెళ్ళి చూసినపుడే బాధితుని అసలు నష్టం తెలియగలదు.